మాస్ స్పెక్ట్రోమెట్రీ సదస్సు డెల్టాకూ రావాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. అణువుల ద్రవ్యరాశిని కొలిచి వాటిని గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమెట్రీ మీదా, దాని అనువర్తనాల మీదా జాతీయ సదస్సులు జరిపే ఇండియన్ సొసైటీ ఫర్ మాస్ స్పెక్ట్రోమెట్రీ 1978లో ఏర్పడి, ముంబయి ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం ఆధారంగా పనిచేస్తున్నది. ఆ సదస్సుల్లో ఆహారంలోని మందుల అవశేషాలకు సంబంధించిన సమావేశాన్ని ఒక్కసారైనా భీమవరంలోనో కాకినాడలోనో ఏర్పాటు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

మా గోదావరి డెల్టాలోని ఉండి, ఆకివీడు ప్రాంతాల్లో వెనామీ రొయ్య ధర కౌంటును బట్టి, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదాన్ని బట్టి, పలుకుతుందని అందరికీ తెలిసిందే. అయితే ఐరోపాకు వెళ్ళే సరుకు కౌంటు ఎంత బాగున్నా, అందులో నిషేధిత యాంటీబయాటిక్ జాడ కనబడితే దానికి అక్కడ చోటు లేదు. 2022 నవంబరు నుంచి ఐరోపా సమాఖ్య ఈ విషయంలో చర్యకు దిగే పరిమితిని క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌కు కిలోకు 0.15 మైక్రోగ్రాములుగా, నైట్రోఫ్యూరాన్ తరగతి మందుల అవశేషాలకు 0.5 మైక్రోగ్రాములుగా నిర్ణయించింది. అంటే టన్ను రొయ్యల్లో 0.15 మిల్లీగ్రాముల క్లోరాంఫెనికాల్ ఉన్నా సరుకు చిక్కుల్లో పడినట్టే.

పట్టుబడికి, అంటే చెరువులో రొయ్యలు పట్టడానికి, ముందు సాధారణంగా జరిగేది ఎలైసా పరీక్ష; ప్రతిదేహాల సాయంతో మందు జాడను పట్టే పద్ధతి ఇది. అది త్వరగా తేలుతుంది, ఖర్చూ తక్కువ. కానీ పోలిక ఉన్న వేరే పదార్థానికి కూడా ఒక్కోసారి స్పందిస్తుంది కాబట్టి, అనుమానం వచ్చిన నమూనాను మిశ్రమంలోని పదార్థాలను విడదీసే ద్రవ క్రొమటోగ్రఫీతో జోడించిన మాస్ స్పెక్ట్రోమీటరులో నిర్ధారించుకోవాలి. అందులో క్లోరాంఫెనికాల్ 321 ద్రవ్యరాశి గల రుణ అయానుగా (రుణ విద్యుదావేశం గల కణంగా) కనిపిస్తుంది. యంత్రం ఆ అయానును ఒక్కదాన్నే వేరుచేసి, వాయువుతో ఢీకొట్టించి ముక్కలు చేస్తుంది. 152, 257 దగ్గర వచ్చే ముక్కలు రెండూ, శుద్ధ నమూనాలో ఏ నిష్పత్తిలో ఉంటాయో అదే నిష్పత్తిలో ఉంటేనే ఆ మందు ఉన్నట్టు లెక్క. ఇంత పకడ్బందీ పద్ధతి కాబట్టే దాని తీర్పును తేలిగ్గా కాదనలేము.

అయినా ఆ తీర్పును చదవడానికి విషయం తెలియాలి. నైట్రోఫ్యూరాన్లలో ఒకటైన నైట్రోఫ్యూరజోన్ వాడారనడానికి గుర్తుగా, దాని అవశేషమైన సెమికార్బజైడ్ కోసం వెతుకుతారు. స్కాంపీ అని మనం పిలిచే మంచినీటి రొయ్య పెంకులో ఆ పదార్థం ఏ మందూ వేయకపోయినా సహజంగానే ఉండవచ్చునని పరిశోధనల్లో తేలింది. కాబట్టి నమూనాను పెంకుతో నూరారా, ఒలిచి కండను మాత్రమే తీసుకున్నారా అన్నది ఫలితాన్ని మార్చేయగలదు. చెరువు గట్టు మీద వల విసిరి పట్టి, పాలిథీన్ సంచిలో కట్టి, ఐసు పెట్టెలో సర్ది పంపిన ఆ గుప్పెడు రొయ్యలకు తర్వాత ఏం జరిగిందో రైతుకు ఎవరూ చెప్పరు. అతని చేతికి వచ్చేది ఒక అంకె, దాని పక్కన ఒక ఇంగ్లీషు మాట. మందు వాడినవారిని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు; పేరూ ఊరూ లేని డబ్బాల్లో ఏముందో అడగకుండా చెరువులో పోసేవారు మనలోనే ఉన్నారు. వారికీ ఈ యంత్రం ఎంత సూక్ష్మంగా పట్టేయగలదో తెలియాలి కదా!

మరో సంగతి. ఇక్కడి కళాశాలల్లో ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం చదివే పిల్లలు మాస్ స్పెక్ట్రోమీటరులో కొన్ని అయాన్లు ముక్కలయ్యే తీరైన మెక్‌లాఫర్టీ పునర్విన్యాసాన్ని బాణపు గుర్తులతో సహా పరీక్షలో తప్పు లేకుండా రాస్తారు. వారిలో చాలామంది మాస్ స్పెక్ట్రోమీటరును మొదటిసారి కళ్ళారా చూసేది హైదరాబాదులో ఏదో మందుల కంపెనీలో ఉద్యోగం దొరికాకనే. సదస్సుతో పాటు రెండు రోజుల శిక్షణ పెట్టి, నమూనా తయారీ మొదలు స్పెక్ట్రం చదవడం దాకా చేయించి చూపితే, చెరువులకు దగ్గరలోని ప్రయోగశాలలకు ఇక్కడి పిల్లలే అందివస్తారు.

పరిశోధన పత్రాలు ఇంగ్లీషులోనే ఉండనివ్వండి, అభ్యంతరం లేదు. ఒక పూట మాత్రం రైతులకూ, కొనుగోలు ఏజెంట్లకూ కేటాయించి, పరీక్ష నివేదికను ఎలా చదవాలో, మరోసారి పరీక్ష కోరే అవకాశం ఎప్పుడు ఉంటుందో తెలుగులో చెప్పించాలి. పట్టుబడులు ముమ్మరంగా సాగే వారాలను తప్పించి, చెరువులు ఎండగట్టే రోజుల్లో తేదీలు పెడితే రైతులకు వీలుగా ఉంటుంది.

ఇట్లు,
ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
భీమవరం.