తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి: క్యాన్సర్ పిల్లల అమ్మానాన్నల తరఫున

కలెక్టర్ గారికి నమస్కారం.

మా పాపకు రక్త క్యాన్సర్ (లుకేమియా), కీమో, అంటే క్యాన్సర్ మందుల చికిత్స, నడుస్తోంది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఈ లుకేమియా సరైన వైద్యం పూర్తిగా అందితే చాలామందికి నయమవుతుంది, కానీ ఆ వైద్యం రెండు మూడేళ్లు సాగుతుందండీ, అన్నాళ్లూ ఆ పిల్ల బాల్యం ఏమవుతోందని అడిగేవాళ్లే లేరు.

వైద్యం ఖర్చుకు ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది, దానికి దండం పెడతాం. మిగతాదే మోయలేకపోతున్నాం. కీమో తర్వాత తెల్ల రక్తకణాలు పడిపోతే మామూలు జ్వరం కూడా ప్రాణం మీదికొస్తుంది, వెంటనే ఆసుపత్రికి రావాలి, కుప్పం వైపు నుంచి రాత్రిపూట ఎలా వస్తారు? అల్లరి చేస్తే కోప్పడొచ్చా, బయట ఆడుకోనివ్వొచ్చా, పాప అన్నను అమ్మమ్మ దగ్గర వదిలేశామని వాడు మాట్లాడకపోతే ఏం చెప్పాలి? ఇవి ఎవర్ని అడగాలో మాకు తెలీదు. మా టెన్షన్ పిల్లలు మొహంలోనే చదివేస్తారు.

లక్షలమంది భక్తులకు వసతి చూపే ఊరు మనది. ఆసుపత్రుల దగ్గర ఈ కుటుంబాలకు వంట చేసుకునే వీలున్న శుభ్రమైన గదులు కొన్ని ఇప్పించండి. వార్డులో ఒక కౌన్సెలర్, పాఠాలు చెప్పే ఒక టీచర్ కావాలి. క్యాన్సర్ అంటువ్యాధి కాదని, హాజరు తక్కువైందని పేరు కొట్టేయొద్దని బడులకు ఉత్తర్వు పంపండి, ఇది రేపే చేయొచ్చు.

సోమవారం గ్రీవెన్స్‌కి వద్దామంటే ఆ జనంలోకి పిల్లల్ని తేలేం. దయచేసి మాకు విడిగా ఒక సమయం ఇవ్వండి.

ఇట్లు,
ఒక తల్లి, పుత్తూరు