మోల్ కాదండీ, అది పందికొక్కు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో వచ్చే తోటపని శీర్షికను మా ఇంట్లో ఇద్దరం చదువుతాం. నేను చదివి ఊరుకుంటాను. మావారు చదివి అమలు చేస్తారు. ఈ ఉత్తరం అందుకే.

కిందటి వానాకాలం ఆ శీర్షికలో లాన్‌ను తవ్వి పాడుచేసే జంతువు గురించి ఒక వ్యాసం వేశారు. దాన్ని చుంచెలుక అన్నారు, పక్కనే మోల్ అని, నేల కింద సొరంగాల్లో బతికే జంతువు పేరు కూడా రాశారు. ఆముదం, గిన్నెలు తోమే లిక్విడ్ నీళ్లలో కలిపి గడ్డి మీద చల్లమన్నారు. మట్టిలో గుచ్చితే గుయ్యిమని మోగే సోలార్ పుల్లలు పాతమన్నారు. నేలలో పురుగుల్ని చంపేస్తే తిండి దొరక్క అదే పోతుందన్నారు. ఆ వ్యాసం మన ఊళ్ల గురించి కాదని నాకు తెలిసొచ్చేసరికి మూడు నెలలు, నాలుగు వేల చిల్లర, మావారి కుడి మడమ ఖర్చయిపోయాయి.

మాది రాజమహేంద్రవరం. ఇంటి ముందు సెంటున్నర ఖాళీ ఉంది. మావారు రిటైరైన డబ్బు చేతికి రాగానే కడియపులంక వెళ్లి మెక్సికన్ గ్రాస్ చాపలు వ్యాన్‌లో వేయించుకొచ్చారు. పెళ్లిపందిట్లో చాపలు పరిచినట్టు అంచుకు అంచు కలిపి పరిపించారు. ఆ తర్వాత దాని మీద చెప్పులతో ఎవరినీ నడవనివ్వలేదు. మనవడు బ్యాటు పట్టుకొస్తే మేడమీదికి పంపించేశారు. అంత అపురూపం!

శ్రావణంలో ఒక పొద్దున ప్రహరీ వారగా, మురుగుకాలవ వైపు, మట్టి కుప్ప కనిపించింది. దోసెడు కాదు, రెండు చేటలుంటుంది. మట్టంతా ఉండలు ఉండలుగా, తడితడిగా ఉంది. కన్నం ఎక్కడా లేదు. చీపురుపుల్లతో కుప్పను పక్కకి తోస్తే అప్పుడు కనిపించింది, లోపలినుంచి మట్టి ఎగదోసి మూసేసుకున్న మూతి. మర్నాటికి ఇంకో రెండు కుప్పలు. పది రోజులకి లాన్ నడిమధ్యన పళ్లెమంత పసుపు మచ్చ. ఆ గడ్డి ముక్క ఎత్తి చూస్తే వేళ్లు గాల్లో వేలాడుతున్నాయి, కింద నా చెయ్యి మోచేతిదాకా పట్టేంత సొరంగం. పక్క మడిలో చామదుంపలు సగం కొరికి వదిలేసినవి, లిల్లీ దుంపలు పూర్తిగా మాయం.

ముప్పై రెండేళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినదాన్ని. ఆ కొరికిన చామదుంప చేతిలో పట్టుకున్నప్పుడే నాకు బుద్ధి పనిచేయాల్సింది. మోల్ అనేది దుంప తినదు, గడ్డీ తినదు. వానపాములు, పురుగులు తింటుంది. దాని పళ్లు కొరకడానికి పెరిగే ఎలుక పళ్లు కావు. అసలది మన వైపు లేనే లేదు. మన దేశంలో అది కనిపించేది డార్జిలింగ్, సిక్కిం లాంటి తూర్పు హిమాలయాలు, ఈశాన్య రాష్ట్రాల వైపే. కానీ పేపర్లో అచ్చయిన మాట కదా! మావారు అప్పటికే కిరాణా కొట్టుకి వెళ్లి రెండు లీటర్ల ఆముదం తెచ్చేశారు.

చల్లాం. ఎండ పడేసరికి వీధంతా ఆముదం కంపు. ఎదురింటి వదినగారు గేటు దాకా వచ్చి, ఎవరైనా బాలింత వచ్చిందా అని అడిగి వెళ్లారు. గడ్డి ఆకులు జిడ్డు పట్టి, దుమ్మంటుకుని, ఇంకో రెండు చోట్ల మాడిపోయాయి. తర్వాత ఆన్‌లైన్లో సోలార్ పుల్లలు నాలుగు తెప్పించారు. అరనిమిషానికోసారి గుయ్యిమంటాయి. మూడో రోజు పొద్దున్న ఆ పుల్లకి జానెడు దూరంలో తాజా మట్టి కుప్ప, పుల్ల పక్కకి ఒరిగిపోయి మోగుతూనే ఉంది. దాన్ని చూసి నేను నవ్వు ఆపుకోలేకపోయాను. మావారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పెన్సిల్వేనియాలో ఉన్న మా అమ్మాయికి వీడియో కాల్‌లో చూపించాను. "అమ్మా, మా లాన్‌లోనూ ఉంది కానీ ఇలా ఉండదు" అని ఫోన్ పట్టుకుని బయటికెళ్లి వాళ్లది చూపించింది. అక్కడ గడ్డి కింద నరాలు పొంగినట్టు పొడుగ్గా గీతలు లేచి ఉన్నాయి. పైపైనే ఈదుకుంటూ పోయినట్టు. మోల్ అంటే అదీ. పారల్లాంటి ముందు కాళ్లు, అరచేతులు బయటికి తిరిగి ఉంటాయి, కళ్లు కనిపించీ కనిపించనట్టుంటాయి. మా పెరట్లో ఉన్నది సొరంగం లోతుగా తవ్వి, మట్టి బయట పోసి, తలుపేసుకునే రకం. అప్పుడు గాని నా నోటినుంచి ఆ మాట రాలేదు, పందికొక్కు!

ఇక్కడ ఒక చిత్రం చెప్పాలి. ఇంగ్లీషువాళ్లు బాండికూట్ అంటున్న మాట మన పందికొక్కే. పందిలా గుర్రుమంటుంది, కొక్కు కాబట్టి పందికొక్కు. తెలుగు నేల మీద విని పట్టుకెళ్లారు. శాస్త్రవేత్తలు దాని ప్రజాతికి బాండికోటా అని పేరు పెట్టారు. ఆ పేరునే ఆస్ట్రేలియాలో సంచిజాతి జంతువు ఒకదానికి తగిలించారు, దానికీ దీనికీ చుట్టరికం లేకపోయినా. ఆ ఆస్ట్రేలియా బాండికూట్ కూడా లాన్లలో గరాటుల్లాంటి గుంటలు తవ్వుతుందట, పురుగుల కోసం. అక్కడ దాన్ని చంపకూడదు, చట్టం ఒప్పదు. మనం ఇంగ్లీషువాళ్లకి పేరు అరువిచ్చాం. ఇప్పుడు వాళ్ల దగ్గర లేని జబ్బుకి వాళ్ల మందు తెచ్చుకుంటున్నాం.

ఇంకో నష్టం కూడా జరిగింది. వ్యాసంలో చుంచెలుక అని ఉంది కదా, మా వీధిలో నలుగురు చుంచుల్ని కొట్టి చంపారు. చుంచు ఎలుకే కాదు. మూతి పొడుగ్గా, కీచుకీచుమంటూ గోడవార పరిగెత్తే ఆ కంపు జీవి బొద్దింకల్ని, పురుగుల్ని తింటుంది. మోల్‌కి దూరపు చుట్టం అంటే అనొచ్చు, రాసినవారి తప్పు అక్కడినుంచే వచ్చి ఉంటుంది. కానీ అది లాన్ తవ్వదు. పాపం, తవ్వినది ఒకటి, చచ్చినది ఇంకొకటి.

సరే, పందికొక్కని తెలిశాక వెంటనే పట్టించామా అంటే లేదు. మా పక్కింటి పెద్దాయన, "చవితి వెళ్లేదాకా మూషికం జోలికి వెళ్లొద్దమ్మా" అన్నారు. పెద్దవారి మాట కాదనలేక ఆగాం. కానీ పందికొక్కు చూలు మూడు వారాలే, ఒక్కో ఈతకు ఆరేడు పిల్లల్ని పెడుతుంది. నిమజ్జనం అయ్యేసరికి మా లాన్ దుక్కి దున్నినట్టయింది. ఓ సాయంత్రం మావారు నీళ్లు పెడుతూ అడుగేస్తే సొరంగం కుంగి కాలు దిగబడింది. మడమకి కట్టు, మూడు వారాలు మంచం.

ఆ కోపంలోనే ఎవరో సలహా ఇస్తే, ఒక కొట్టువాడి దగ్గర పొగబెట్టే మాత్రలు విడిగా కొని తెప్పించారు. ధాన్యం గోడౌన్లలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్. కన్నంలో వేసి మూసేస్తే సరి అని చెప్పాడట. ఇది మాత్రం చదివేవాళ్లు గట్టిగా గుర్తుంచుకోవాలి. ఆ మాత్ర తడి తగిలితే ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. పీల్చినవాళ్లకి విరుగుడు మందు లేదు. అందుకే వాటిని ఎవరికి పడితే వాళ్లకి అమ్మకూడదు, శిక్షణ ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్లే వాడాలి. పందికొక్కు సొరంగం ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో ఎవరికి తెలుసు? మా లాన్‌లో కన్నం మూస్తే పక్కింటి పునాది కింద, వాళ్ల పిల్లలు పడుకునే గది వైపు తేలొచ్చు. ఆ డబ్బా మూత తియ్యనివ్వలేదు నేను. పెస్ట్ కంట్రోల్ మనిషిని పిలిచి అప్పగించేదాకా నిద్ర పట్టలేదు.

చివరికి దారి చూపించింది మా తమ్ముడు. ఉండ్రాజవరం దగ్గర వ్యవసాయం వాడిది. "అక్కా, డెల్టాలో ఎలుకని ఎవడూ ఒక్కడే పట్టడు" అన్నాడు. వాళ్ల ఊళ్లో నాట్లప్పుడు రైతులంతా ఒకే రోజు గట్ల మీదికి వెళ్తారు. మొదటి సాయంత్రం కన్నాలన్నీ మూసేస్తారు. తెల్లారి తెరుచుకున్నవే ప్రాణమున్న కన్నాలు, వాటిలోనే ఎర పెడతారు. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమాడియోలోన్ అనే ఎలుకల మందు పొడి కలిపి చిన్న పొట్లాలు కడతారు. తిన్నది అక్కడే చావదు, నెత్తురు గడ్డకట్టకుండా అయ్యి నాలుగైదు రోజులకి పోతుంది. అందుకని మిగతావాటికి అనుమానం రాదు. జింక్ ఫాస్ఫైడ్ అయితే ఒకటి కొరికి గిలగిలలాడితే మిగిలినవి ఆ ఎర మళ్లీ ముట్టవు. మార్టేరు పరిశోధన స్థానంలో ఎలుకల మీద పనిచేయడానికే ఒక విభాగం ఉంది. అంత జ్ఞానం గంట ప్రయాణంలో ఉండగా మేం సోలార్ పుల్లలు కొన్నాం.

అయితే ఊళ్లో విషం పెట్టడానికి నాకు మనసొప్పలేదు. వీధికుక్కలు, పిల్లులు, పాకే పిల్లలు. మందు తిని మత్తుగా తిరిగే ఎలుకని గుడ్లగూబ పట్టిందంటే దానికీ ముప్పే. తమ్ముడే వాళ్ల ఊరినుంచి ఒక యానాది అతన్ని పంపించాడు. యాభై దాటి ఉంటాయి. వచ్చీ రాగానే గడ్డి వైపు చూడలేదు, ప్రహరీ చుట్టూ తిరిగాడు. మురుగుకాలవ మీద పలక ఒకటి జరిగి ఉన్నచోట కూర్చుని, వేలితో అంచు తడిమి, వేలు నాకు చూపించాడు. జిడ్డుగా నల్లటి మరక. "రోజూ ఇక్కడ రాసుకుని పోతాందండి. మీ గడ్డి దీనికి ఇల్లు కాదండి, దారండి. ఇల్లు అటుందండి" అని ఖాళీ స్థలం వైపు చెయ్యి చూపించాడు. మా వీధివాళ్లందరం మిగిలిన అన్నం కవర్లలో కట్టి విసిరేసే స్థలం అది. నేనూ విసిరాను, దాచడమెందుకు.

గడ్డిని అతను ఇంచు కూడా తవ్వలేదు. ఆ సాయంత్రం కన్నాలు మూసి వెళ్లాడు. మర్నాడు తెరుచుకున్నవి మూడే. కాలవ పక్క కన్నానికి కుండతో ఎండుగడ్డి పొగ పెట్టి, రెండో మూతి దగ్గర వల పట్టుకుని కూర్చున్నాడు. పిల్లిపిల్లంత పందికొక్కు, వీపు మీద ముళ్లలా నిక్కిన వెంట్రుకలు, గుర్రుమంటూ వచ్చి పడింది. మిగతా చోట్ల వెదురు బుట్టలు పెట్టి, ఎరగా కొబ్బరిముక్క కాల్చి కట్టాడు. నాలుగు రాత్రుల్లో తొమ్మిది పట్టాడు. ఖాళీ స్థలంలో బొరియ తవ్వితే లోపల ఒక గది, అందులో అన్నం మెతుకులు ఎండినవి, వేరుశెనగ గుళ్లు, చింపిన కవరు ముక్కలు, మా లిల్లీ దుంపలు రెండు. ఆ దుంపలు మావారికి ఇస్తే పోగొట్టుకున్న ఉంగరం దొరికినట్టు చూశారు.

అతను అడిగింది కొక్కుకి ఇంత అని. మేం సోలార్ పుల్లలకి పెట్టిన దానిలో సగం కూడా కాలేదు. దానికి రెండింతలు ఇచ్చి, గ్లవ్స్ జత కూడా ఇచ్చాను. వీటి మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, ఎలుక జ్వరం అంటారు, గోరుచుట్టు గాయమున్నా చాలు. గ్లవ్స్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు గాని తొడుక్కోలేదు. మళ్లీ పిలిస్తే వస్తానన్నాడు, "కానీ ఆ పలక మూయించండి ముందు, లేకపోతే నాకే పని" అని నవ్వాడు. పలకలు మా వీధి వాళ్లమే చందాలేసుకుని సిమెంటు పెట్టించాం. అన్నం కవర్లు ఇప్పటికీ నలుగురు విసురుతున్నారు, వాళ్లతో నా గొడవ నడుస్తూనే ఉంది.

అయ్యా, మీకు నా మనవి ఇది. ఆ వ్యాసానికి సవరణ వేయండి. వీలైతే చుంచు, పందికొక్కు ఫోటోలు పక్కపక్కన వేసి, ఏది ఏం తింటుందో రెండు ముక్కలు రాయండి. చుంచు ఫోటో నా దగ్గర లేదు, మా వీధిలో అవి ఈమధ్య కనిపించడం లేదు. పందికొక్కుది ఉంది, వలలో గుర్రుమంటున్నది, కావాలంటే పంపుతాను. ఆముదం ఇంకా లీటరుంపావు మిగిలింది.

ఇట్లు
ఒక రిటైర్డ్ జీవశాస్త్రం టీచర్
రాజమహేంద్రవరం