లెక్కల పీరియడ్‌కి పక్క గదిలోకి పంపడానికి జీవో కావాలా?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమస్తాని. మా పాప ప్రభుత్వ హైస్కూల్లో ఏడో తరగతి చదువుతోంది. లెక్కల్లో తన తరగతి కంటే బాగా ముందుంది. తండ్రి కాబట్టి అలాగే అంటాడులే అనుకుంటారని తెలుసు, కానీ ఈ మాట మొదట అన్నది వాళ్ల లెక్కల మాస్టారే. ఆయన బోర్డు మీద లెక్క రాసి ఇటు తిరిగేసరికి ఈమె జవాబు రాసేసి ఉంటుందట. మిగతా పీరియడంతా నోటుపుస్తకం వెనక పేజీల్లో చుక్కల ముగ్గులు.

మేం స్కూలుని అడిగింది ఒక్కటే. లెక్కల పీరియడ్ వరకు ఆమెని ఎనిమిదో తరగతిలో కూర్చోనివ్వండి, మిగతావన్నీ ఏడులోనే. డబుల్ ప్రమోషన్ అడగలేదు, అది మాకు వద్దు కూడా. పన్నెండేళ్ల పిల్ల తన ఈడు పిల్లలతోనే ఆడుకోవాలి, తెలుగూ సోషలూ వాళ్లతోనే చదవాలి. వాటిలో ఆమె అందరిలాంటిదే, హిందీలో అయితే కాస్త వెనకే. హాజరు ఏడులో వేస్తారు, పరీక్షలు ఏడువే రాస్తుంది, ఆ ఒక్క గంటా పక్క గదికి వెళ్తుంది. అంతే.

హెచ్ఎం గారు మంచి మనిషి. కసురుకోలేదు, టీ కూడా తెప్పించారు. "బాగానే ఉందండీ, కానీ దీనికి రూలేటి? ఏదైనా జీవో ఉంటే పట్టుకురండి, రేపే పంపిస్తాను" అన్నారు. పంపకూడదని జీవో ఉందా సార్ అని అడుగుదామనుకున్నాను. ఆయన ఇప్పించిన టీ చేతిలో ఉండగా అడగలేకపోయాను.

మా చుట్టాలందరూ చెప్పే రెండో దారి ప్రైవేటు స్కూళ్ల ఫౌండేషన్ బ్యాచ్, అంటే చిన్న తరగతుల నుంచే ఐఐటీ తరహా కోచింగ్. అక్కడా చూశాం. ఫీజు మాట పక్కన పెడతాను, అది నా జీతానికి అందేది కాదు. డెమో క్లాసుకి నేనూ వెనక బెంచీలో కూర్చున్నాను. ఏడో తరగతి పిల్లలకి సైన్, కాస్ విలువల పట్టిక బోర్డు మీద రాసి, కంఠతా పట్టమని, వెంటనే బిట్లు ఇచ్చారు. సైన్ 30 విలువ సగమే (1/2) ఎందుకవ్వాలి అని మా పాప అడిగింది. "అది పరీక్షలో అడగరమ్మా, విలువ గుర్తుపెట్టుకో" అన్నాడు ఆ కుర్ర సారు. సమబాహు త్రిభుజాన్ని పై మూల నుంచి నిలువుగా సగానికి కోస్తే, పై మూల 30 డిగ్రీలవుతుంది, దాని ఎదురుగా ఉన్న కింది ముక్క వాలు భుజంలో సగం, కళ్లెదుటే సైన్ 30 కనిపిస్తుంది. రెండు నిమిషాల పని. ఆ సారుని తప్పు పట్టను, ఆ గంటలో అన్ని బిట్లు చేయించాలని ఆయనకీ పైనుంచి టార్గెట్ ఉంటుంది. కానీ పిల్లని వేగంగా పరిగెత్తించడం వేరు, లోతుకి తీసుకెళ్లడం వేరు. మాలాంటి తల్లిదండ్రులకి కావలసింది రెండోది. డబ్బు పెడితే ఊళ్లో దొరికేది మొదటిదే.

లోతు అంటే ఏమిటో మా ఫ్యాక్టరీలో జరిగిన సంగతి చెబుతాను. ఆదివారాలు పాప నాతో వచ్చి నా బల్ల దగ్గర కూర్చుంటుంది. (పని చేయడానికి కాదు, లేబర్ ఆఫీసర్ గారు గమనించగలరు.) జీడిపప్పు గ్రేడ్ల గురించి మీ పాఠకుల్లో మా పలాస వాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావారి కోసం రాస్తున్నాను. విరగని తెల్ల పప్పుకి 180, 210, 240, 320 అని నంబర్లుంటాయి. ఒక పౌను పప్పులో ఎన్ని గింజలు తూగుతాయో ఆ లెక్క అది. పౌను అంటే సుమారు 454 గ్రాములు. అందుకే నంబరు పెరిగేకొద్దీ గింజ చిన్నదవుతుంది, ధర తగ్గుతుంది. విలోమానుపాతం పాఠం ఇంకా మొదలుపెట్టకముందే మా పాపకి ఈ సంగతి టిన్నుల మీద నంబర్లు చూసి తెలిసిపోయింది.

ఒకరోజు నేనే సరదాగా అడిగాను: 240 సగం, 320 సగం కలిపితే పౌనుకి ఎన్ని గింజలు వస్తాయి? నా మనసులో జవాబు 280. పాప వెంటనే చెప్పలేదు. "సగం అంటే తూకంలో సగమా నాన్నా, గింజల్లో సగమా?" అంది. రెండూ ఒకటే కదా అన్నాను. కాదని కాగితం మీద వేసి చూపించింది. తూకంలో సగమైతే అర పౌనులో 120, ఇంకో అర పౌనులో 160, మొత్తం 280. నిజమే. గింజల్లో సగమైతే, ఇటువి 240, అటువి 240 తీసుకోవాలి. మొదటివి ఒక పౌను తూగుతాయి, రెండోవి ముప్పావు పౌనే. అంటే 480 గింజలు ఒకటీ ముప్పావు పౌను. భాగిస్తే పౌనుకి 274 చిల్లర. ఆరు గింజల తేడా ఎక్కడినుంచి వచ్చిందా అని నేను క్యాలిక్యులేటర్ తీశాను. క్యాలిక్యులేటరూ అదే చెప్పింది.

కొన్నాళ్లకి మళ్లీ తనే వచ్చింది. బస్సు వెళ్లేటప్పుడు గంటకి 40 కిలోమీటర్లు, అదే దారిలో తిరిగొచ్చేటప్పుడు 60 పోతే సగటు 50 కాదు 48, ఇదీ జీడిపప్పు లెక్కే నాన్నా అంది. స్కూల్లో మాస్టారిని అడిగితే, దీన్ని హరాత్మక మధ్యమం అంటారమ్మా, పెద్ద తరగతుల్లో వస్తుందని చెప్పారట. ఆయన సంతోషించారు, కానీ ఆ రోజు సిలబస్‌లో వేరే అధ్యాయం ఉంది, తరగతిలో నలభై మంది ఉన్నారు. అక్కడితో ఆగిపోయింది.

చూడండి, ఈ లెక్కకి కావలసిందల్లా ఏడో తరగతి భిన్నాలే. పుస్తకాల లోపం కూడా కాదు. ఇప్పుడు ప్రభుత్వ బడుల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషుగా ఇచ్చే పుస్తకాలు బాగున్నాయి. లోపం ఏమిటంటే, ముందున్న పిల్లకి ఆ గంటలో ఏం పని ఇవ్వాలో మాస్టర్లకి ఎవరూ చెప్పలేదు.

"పరీక్షలు ఉన్నాయి కదా, రాయించు" అంటారు. ఉన్నాయి. ఆరో తరగతికి నవోదయ, మన జిల్లాకి వెన్నెలవలస, 80 సీట్లు. మా పాప రాసింది, రాలేదు. మళ్లీ తొమ్మిదిలో, అదీ ఖాళీలుంటే. ఎనిమిదిలో ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్ష, వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయల స్కాలర్‌షిప్, మాకు అది చిన్న మొత్తం కాదు. పదయ్యాక ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ. మధ్యలో ఏడో తరగతి పిల్లకి ఏమీ లేదు. పైగా ఇవన్నీ పిల్లల్ని ఎంచే పరీక్షలు, నేర్పేవి కావు.

ఒలింపియాడ్ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే మా వైపు తల్లిదండ్రులు దీంట్లోనే ఎక్కువ మోసపోతున్నారు. స్కూళ్లలో డబ్బు కట్టించుకుని, రాసినవాళ్లలో చాలామందికి మెడల్ ఇచ్చే పరీక్షలు వేరు. దేశం తరఫున పిల్లల్ని పంపే గణిత ఒలింపియాడ్ వేరు, దాన్ని నడిపించేది ముంబయిలోని హోమీ భాభా సెంటర్. దాని మొదటి మెట్టు ఐఓక్యూఎం అనే పరీక్ష. ఎనిమిదో తరగతి నుంచి రాయొచ్చు. మూడు గంటలకి 30 ప్రశ్నలే, ఏ బీ సీ డీ ఆప్షన్లు ఉండవు, జవాబు సంఖ్యని కనుక్కుని జవాబు పత్రంలో దాని గడులు నింపాలి. పాత ప్రశ్నపత్రాలు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితం. మా షాపు వీధి జిరాక్స్‌లో తీయించాను. ఒక ప్రశ్న మీద పాప రెండు సాయంత్రాలు కూర్చుంటుంది. వాళ్లమ్మకి టెన్షన్, అన్నం చల్లారిపోతోందని.

మా బావమరిది అమెరికాలో టెక్సాస్‌లో ఉంటాడు. ఫోన్లో ఇదంతా చెబితే నవ్వాడు. అక్కడా తల్లిదండ్రుల గొడవ ఇదేనట, ఆరో తరగతిలో పిల్లని అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్‌లో వేయించాలని. టీచరు సిఫారసు కోసం, తల్లిదండ్రుల పరపతి కోసం చూడకుండా 2023లో అక్కడ చట్టం చేశారు. ఐదో తరగతి రాష్ట్ర పరీక్షలో లెక్కల్లో పై 40 శాతంలో ఉన్న పిల్లలందరినీ ఆరులో ఆ క్లాసులో స్కూలే వేయాలి, వద్దనుకుంటే తల్లిదండ్రులు వద్దని చెప్పుకోవాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంకో రకం కథ. అందరూ సమానంగా చదవాలని 2014లో ఎనిమిదో తరగతి నుంచి ఆల్జీబ్రా తీసేశారు, పదేళ్లకి 2024లో ఊళ్లో ఓటు పెడితే తిరిగి పెట్టమని జనమే చెప్పారు. అమెరికాలో చేశారని మనం చేయాలని కాదు. వాళ్లకి డబ్బుంది, గదులున్నాయి. కానీ "ఎవరు అర్హులు, ఎవరు పంపాలి" అన్నది అక్కడ కాగితం మీద రాసుకున్నారు. మా హెచ్ఎం గారు అడిగిన కాగితం కూడా అదే.

ఇది ఖర్చు లేకుండా ఎలా చేయొచ్చో చెబుతాను, టైంటేబుల్ నేనే గీసి చూశాను. చాలా హైస్కూళ్లలో లెక్కల మాస్టర్లు ఇద్దరుంటారు. ఒకరు ఏడుకి చెప్పే గంటలోనే రెండో ఆయన ఎనిమిదికి చెప్పేలా వేస్తే చాలు, ఏడులోంచి ఒకరిద్దరు పిల్లలు లేచి పక్క గదికి నడిచి వెళ్తారు. పదో తరగతిని కదపక్కర్లేదు, వాళ్లకి పబ్లిక్ పరీక్ష ఉంది. టైంటేబుల్ ఎలాగూ జూన్‌లో బడులు తెరిచాక కొత్తగా రాస్తారు. ఆ వారంలో ఈ మాట గుర్తుంటే అదనంగా ఒక్క పోస్టు కూడా అక్కర్లేదు. పైతరగతిలో కూర్చున్నందువల్ల ఏడులో పోయే అధ్యాయాలు ఏవో మాస్టారు గుర్తు పెట్టి ఇస్తే, ఇంటిదగ్గర చేయించే బాధ్యత మాది.

రేపు ఊళ్లో ప్రతి తండ్రీ మా వాడినీ పంపమని వస్తే ఎలా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దానికి మార్కులు చూడొద్దు. వంద బిట్ల పరీక్ష అయితే అసలే వద్దు. అది పెట్టిన మర్నాటికి కాశీబుగ్గలో దానికీ ఒక కోచింగ్ సెంటర్ బోర్డు లేస్తుంది. చూడని లెక్కలు నాలుగైదు ఇచ్చి, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఎలా ఆలోచిస్తున్నాడో మాస్టారు చూస్తే తెలిసిపోతుంది. వెళ్లినవాడికి కష్టమనిపిస్తే నెలకి వెనక్కి రావచ్చు, అందులో నామోషీ ఏం లేదు. వెనకబడిన పిల్లల సంగతి ముందు చూడాలనేవాళ్లతోనూ నాకు పేచీ లేదు. ఇలాంటి ఒకరిద్దరు ఆ గంటలో గదిలోంచి వెళ్తే మాస్టారికి వాళ్లని చూడ్డానికే ఇంకాస్త తీరిక దొరుకుతుంది. అసలు మాస్టర్ల టైం తినేస్తున్నది పిల్లలు కాదు, ఫోన్లో రోజూ ఎక్కించాల్సిన ఫొటోలూ లెక్కలూ. అది వేరే ఉత్తరం.

లెక్కల మాస్టారు ఒక్కరే ఉన్న బడిలో ఈ పద్ధతి కుదరదు. మందస, వజ్రపుకొత్తూరు వైపు పల్లెల్లో పిల్లలు అలాంటి చోట చదువుతున్నారంటే వాళ్లకి వేరే దారి కావాలి. జాతీయ విద్యా విధానం 2020లోనే ఉంది, సైన్స్ సర్కిళ్లు, మ్యాథ్స్ సర్కిళ్లు బడి స్థాయిలో, స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల గుంపు) స్థాయిలో, జిల్లా స్థాయిలో ప్రోత్సహించాలని. కాంప్లెక్స్ మీటింగులకి టీచర్లు ఎలాగూ ఒకచోట కలుస్తున్నారు. నెలకోసారి ఒక శనివారం మధ్యాహ్నం చుట్టుపక్కల బడుల నుంచి లెక్కలంటే ఇష్టమున్న పదిమంది పిల్లల్ని కూడా పిలిచి, ఒకే ఒక్క మంచి లెక్క ఇచ్చి మాట్లాడుకోనిస్తే, అదే సర్కిల్. ఎన్ఎంఎంఎస్ కోసం సాయంత్రాలు పైసా తీసుకోకుండా కూర్చోబెట్టి చెప్పే మాస్టర్లు మన జిల్లాలో ఉన్నారు, వాళ్లకి ఇది కొత్త కాదు. బస్సు చార్జీలు మేమే పెట్టుకుంటాం.

మా బంధువు ఒకాయన సలహా కూడా రాస్తాను: "ఆడపిల్లకి లెక్కలెందుకు, బైపీసీ చేయించు, డాక్టరైతే పలాసలో బాగా నడుస్తుంది." ఆ రోజు అది ఏమవుతుందో దాని ఇష్టం. ఇప్పుడు దానికి పన్నెండేళ్లు, లెక్కలంటే ఆకలి.

జిల్లా విద్యాశాఖాధికారి గారికి నా విన్నపం: అవసరమైన చోట, మాస్టారు ఒప్పుకుంటే, పిల్లని లెక్కల పీరియడ్‌కి పైతరగతిలో కూర్చోబెట్టుకోవచ్చని ఒక్క పేజీ సర్క్యులర్ ఇప్పించండి. కూర్చోబెట్టాలి అని అక్కర్లేదు, కూర్చోబెట్టుకోవచ్చు అంటే చాలు. ఇక మీ పాఠకుల్లో, శ్రీకాకుళం, విజయనగరం, మన్యం జిల్లాల్లో ఎక్కడైనా ఇప్పటికే ఇలా ఒక పీరియడ్‌కి పిల్లల్ని పంపుతున్న హెచ్ఎంలు ఉంటే, ఎలా చేస్తున్నారో దయచేసి ఇదే శీర్షికకి రాయండి. జీవో దొరికేలోపు ఆ కటింగైనా పట్టుకెళ్లి మా హెచ్ఎం గారికి చూపిస్తాను.

పాప అదే బడిలో చదువుకోవాలి కాబట్టి నా పేరు వేయవద్దని మనవి.

ఇట్లు,
ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ గుమస్తా,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా