నంది బాలల నాటిక పోటీ: ఇంటి దగ్గర మీరు చూసుకోవలసినవి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

నంది అనగానే సినిమాలే గుర్తొస్తాయి గానీ, రంగస్థలానికీ నందులున్నాయి. పద్యనాటకం, సాంఘిక నాటకం, సాంఘిక నాటికలతో పాటు బాలల నాటికలకూ విడిగా పోటీ ఉంటుంది. 2023 డిసెంబరులో గుంటూరులో జరిగిన నంది నాటకోత్సవంలోనూ ఈ విభాగం ఉంది. మళ్లీ ప్రకటన వెలువడగానే మన పిల్లల నాటికకు దరఖాస్తు పంపుతాం.

దరఖాస్తు పంపినంత మాత్రాన పోటీ వేదిక ఎక్కినట్టు కాదు. ముందు ప్రాథమిక పరిశీలన ఉంటుంది. న్యాయనిర్ణేతలు ప్రదర్శనలు చూసి కొన్నింటినే తుది పోటీకి ఎంపిక చేస్తారు. లైట్లు, సంగీతం, మేకప్ ఆ పరిశీలన రోజుకే సిద్ధం కావాలి. ‘ఫైనల్స్‌కి చూసుకుందాంలే’ అనుకున్న నాటక సమాజాలకు ఫైనల్స్ ఉండవు.

మన పిల్లలకు అన్నిటికంటే పని పడేది వాచికం, అంటే మాట పలికే తీరు దగ్గర. వాక్యం గట్టిగా ఎత్తుకుంటారు, చివరి మాట మింగేస్తారు. తెలుగులో క్రియ ఉండేదే చివర్లో. ‘నేను రేపటి నుంచి బడికి...’ వరకే వినిపిస్తే వాడు వెళ్తాడో మానేస్తాడో హాల్లో ఎవరికీ తెలియదు. వేలాడే మైకు దీన్ని సరిచేయదు సరికదా, చెక్క వేదిక మీద అడుగుల చప్పుడునూ పెంచి వినిపిస్తుంది. రోజూ పది నిమిషాలు మీరు వరండాకు ఒక చివర, బిడ్డ ఇంకో చివర నిలబడి సంభాషణలు చెప్పించండి. చివరి మాట అందకపోతే చెయ్యెత్తండి, అంతే. అరవమనకండి, గొంతు బొంగురుపోతుంది. హావభావాలు మాత్రం దయచేసి నేర్పకండి. నాటికకు ఒక దర్శకుడు చాలు.

ప్రేక్షకుల నవ్వులు, చప్పట్లు కూడా సమయం తింటాయి. రిహార్సల్లో సరిపోయిన నాటిక వేదిక మీద పొడుగవుతుంది. అందుకే నిబంధనల్లో ఇచ్చే వ్యవధికి మూడు నిమిషాలు తక్కువగా కట్టుకుంటున్నాం. కొందరి డైలాగులు తగ్గుతాయి. పాత్ర తగ్గిందని అనుకోవద్దు. ఎదుటివాడు మాట్లాడుతుంటే నిజంగా వింటూ నిలబడడం మాట చెప్పడం కన్నా కష్టం, న్యాయనిర్ణేతల కన్ను దాని మీదా ఉంటుంది.

దుస్తులకు కొత్తవి కొనకండి. కూలి ఇంటి కుర్రాడు ఇస్త్రీ మడత నలగని చొక్కాతో వస్తే ఆహార్యంలో, అంటే వేషధారణలో మార్కులు పోయినట్టే. తెల్లబట్టలు లైట్ల కింద మొహాన్ని మించి వెలుగుతాయి, లేత గోధుమరంగు పంపండి. గోరింటాకు రెండు వారాల ముందు నుంచే వద్దు. వాచీ, పట్టీలు ఇంట్లోనే ఉంచండి. మేకప్ రంగును ముందురోజు చెవి వెనక రాసి చూస్తాం. దురద, దద్దురు కనిపిస్తే వెంటనే చెప్పండి. మేకప్ తీయడానికి కొబ్బరినూనె, పాత నూలుగుడ్డ పంపితే చాలు. నూనె రాయకుండా నేరుగా సబ్బుతో రుద్దితే చర్మం మండుతుంది.

ప్రదర్శనకు రెండు గంటల ముందు ఇడ్లీలాంటి తేలికపాటి తిండి పెట్టండి. వేదిక పక్కనుండే సైడ్ వింగుల్లోకి తల్లిదండ్రులు రాకూడదు, ఫ్లాష్‌తో ఫొటోలు తీయకూడదు.

నటనకే కాదు, రచన, దర్శకత్వం, సంగీతం, రంగాలంకరణ, ఆహార్యాలకూ విడిగా బహుమతులుంటాయి. నాటికకు నగదు వస్తే మన బడి నాటక నిధిలో జమ చేస్తాం. ఇది సమ్మతమైతే అంగీకారపత్రంపై సంతకం చేసి శుక్రవారంలోగా తరగతి ఉపాధ్యాయులకు పంపండి. బిడ్డకు అలర్జీలు, ఉబ్బసం ఉంటే అందులోనే రాయండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు