ఎండిన కోళ్ల ఎరువు మాగిన ఎరువు కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక తోటపని శీర్షికలో ఇటీవల ఒక పాఠకుడికి ఇచ్చిన జవాబులో, కూరగాయ మొక్కలకు బాగా మాగిన కోళ్ల ఎరువు వేయమని రాశారు. సలహా సరైనదే. కానీ ‘మాగిన’ అన్న మాటకు ఎవరికి తోచిన అర్థం వారు చెప్పుకుంటారు. ఒకప్పుడు నేనూ అలాగే పొరబడి మొక్కలను పోగొట్టుకున్నవాణ్ని కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఎరువు పాతబడితే మాగినట్టేనని అప్పట్లో నా నమ్మకం. తడి తగలకుండా గోనె సంచిలో కట్టి ఏడాదిపాటు కొట్టంలో ఉంచిన కోళ్ల ఎరువు చేతికి పొడిపొడిగా, పెద్దగా వాసన లేకుండా కనిపించేసరికి, సిద్ధమైపోయిందనుకొని టమాటా నారు నాటిన పాదుల్లో గుప్పెడేసి చల్లి నీరు పెట్టాను. మర్నాడు ఉదయం పాదు దగ్గర వంగితే కళ్లు మండేంత ఘాటు. నాలుగైదు రోజుల్లో ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరిగి ముడుచుకున్నాయి. ఒక మొక్కను పీకి చూస్తే, తెల్లగా ఉండవలసిన పీచువేళ్లు నల్లబడి ఉన్నాయి. వేళ్ల మధ్య పట్టి లాగితే పైతొక్క ఊడి వచ్చింది.

కారణం తరువాత చదివి తెలుసుకున్నాను. పక్షులు మూత్రాన్ని విడిగా విసర్జించవు. రెట్ట మీద కనిపించే తెల్లని పూత యూరిక్ ఆమ్లం. తాజా ఎరువులోని నత్రజనిలో అధిక భాగం ఆ రూపంలోనే ఉంటుంది. తడి, వెచ్చదనం ఉన్నప్పుడు సూక్ష్మజీవులు దాన్ని యూరియాగా, ఆ తరువాత అమ్మోనియాగా మారుస్తాయి. ఎరువు ఎండిపోతే ఆ మార్పు మధ్యలో ఆగిపోతుంది, మళ్లీ నీరు తగలగానే ఆగిన చోటి నుంచి మొదలవుతుంది. అంటే ఆ ఘాటునంతా నేను ఏడాదిపాటు సంచిలో భద్రంగా దాచి, చివరకు లేత వేళ్ల దగ్గర విప్పానన్నమాట. దీనికి తోడు కోళ్ల ఎరువులో లవణాలు కూడా ఎక్కువే కాబట్టి దెబ్బ రెండు వైపుల నుంచీ తగిలింది.

మొక్క మాడితే కంటికి కనిపిస్తుంది, క్రిములు కనిపించవు. పైకి ఆరోగ్యంగా ఉన్న కోడి పేగుల్లో కూడా సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ వంటి, మనుషులకు జబ్బు చేసే బాక్టీరియా ఉండవచ్చు. వీటిలో సాల్మొనెల్లా పొడి ఎరువులో నెలల తరబడి బతకగలదు. వీటిని చంపేది ఎరువును కుప్ప పోసి మాగబెట్టేటప్పుడు లోపల పుట్టే వేడే. అందువల్ల ఎరువు వయసు ఎంత అని అడగడం కన్నా, అది ఎంత వేడెక్కింది, లోపలిదీ బయటిదీ సమంగా వేడెక్కాయా అని అడగడమే సరైన పద్ధతి.

కుప్ప వేడెక్కాలంటే కోళ్ల ఎరువు ఒక్కటే చాలదు. అందులో నత్రజనికి తగినంత కార్బన్ ఉండదు. నత్రజని 1 పాలు ఉంటే కార్బన్ 10 పాళ్లకు మించదు, కుప్పకేమో 25 నుంచి 30 పాళ్లు కావాలి. అందుకే ఒక తట్ట ఎరువుకు రెండు మూడు తట్టల ఎండుటాకులో, ఎండుగడ్డో కలపాలి. కోళ్ల కింద పరిచిన రంపపు పొట్టు ముందే కలిసి ఉంటే అంత అవసరం ఉండదు. కుప్ప పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్కటి ఒక మీటరుకు తగ్గితే లోపల వేడి నిలవదు. తడి సంగతి చేత్తోనే తెలుస్తుంది: గుప్పెడు తీసుకొని గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. అంతా కుదిరితే కొద్ది రోజుల్లోనే నడిమి భాగం 55 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. పొడవాటి కాడ ఉన్న థర్మామీటరు కొనుక్కోవడం మంచిది. ఇనుప కడ్డీ గుచ్చి తీసి పట్టుకు చూసే పద్ధతి ఉంది కానీ, అది వేడి ఉందని చెబుతుందే తప్ప ఎంత ఉందో చెప్పదు.

చాలామంది వదిలేసేది తిరగేయడం. పైపొర ఎప్పుడూ చల్లగానే ఉంటుంది, అందులోని క్రిములు అలాగే ఉంటాయి. అంచుల్లోని ఎరువు నడుమకు, నడుమది అంచులకు వచ్చేలా పారతో మార్చవలసిందే. అమెరికా సేంద్రియ వ్యవసాయ ప్రమాణాల్లో పొడవాటి వరుసల్లా పోసే కుప్పలకు 55 నుంచి 77 డిగ్రీల వేడి 15 రోజులు ఉండాలని, ఆ వ్యవధిలో కనీసం 5 సార్లు తిరగేయాలని నియమం ఉంది. ఆ వేడి దశ ముగిశాక కూడా కుప్పను కప్పి ఒకటి రెండు నెలలు వదిలేస్తే మంచిది. వాడే ముందు నేను కొంచెం ఎరువును తడిపి, మూత ఉన్న సీసాలో మూడు నాలుగు రోజులు ఉంచి మూత తీసి వాసన చూస్తాను. మట్టి వాసన వస్తే సరే, ఘాటు వస్తే మళ్లీ కుప్పలోకే. ఆ సంచితో ఈ పని ముందే చేసి ఉంటే నా టమాటాలు బతికేవి.

మాగబెట్టని పచ్చి ఎరువే వేయాలనుకునేవారికి అదే ప్రమాణాల్లో ఒక లెక్క ఉంది: తినే భాగం మట్టికి తగిలే పంటలకు ఎరువు వేసిన రోజుకూ కోతకూ మధ్య 120 రోజులు, తగలనివాటికి 90 రోజులు గడవాలి. ఆకుకూరలు చాలావరకు అంతకన్నా ముందే కోతకు వస్తాయి కనుక, వాటి మళ్లలో పచ్చి ఎరువు మాట తలపెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. ఎరువును నీళ్లలో నానబెట్టి ఆ తేటను ఆకుల మీద పిచికారీ చేసేవారు కూడా ఉన్నారు. నానబెట్టినంత మాత్రాన క్రిములు చావవు సరికదా, పెరిగే అవకాశం కూడా ఉంది.

మాగిన ఎరువైనా ఏటా మోతాదు మించి వేస్తే నేలలో భాస్వరం పేరుకుపోతుంది, మిగిలిన నత్రజని నైట్రేటుగా మారి భూగర్భ జలాల్లోకి దిగుతుంది. కుప్పను బావికి, వాన నీటి దారికి దూరంగా పెట్టాలి. పొడి ఎరువును పారతో ఎత్తేముందు కాస్త నీళ్లు చిలకరిస్తే దుమ్ము లేవదు. మాస్కు, చేతి తొడుగులు వేసుకోవాలి, పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పసిపిల్లలను, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారిని ఈ పనికి దూరంగా ఉంచడం మంచిది. కోళ్లకు జబ్బు సోకి ఉంటే, పశువైద్యుణ్ని అడగకుండా ఆ ఎరువును ముట్టుకోనే కూడదు.

కోళ్ల ఎరువు పశువుల ఎరువు కన్నా బలమైనదనే పేరు నిజమే, నేను ఇప్పటికీ అదే వాడుతున్నాను. మీ శీర్షిక నిర్వహిస్తున్నవారికి నాదొక్కటే విన్నపం. ఇకమీదట ఈ ఎరువు గురించి జవాబిచ్చేటప్పుడు, కుప్ప ఎన్ని డిగ్రీలు వేడెక్కాలో, ఎన్నిసార్లు తిరగేయాలో, పచ్చిది వేస్తే కోతకు ఎన్ని రోజులు ఆగాలో మరో రెండు వాక్యాల్లో కలిపి ప్రచురించగలరు.

భవదీయుడు,
మీ పాఠకుడు