చిట్టి ఫర్నిచర్‌తో గడిచిన ఏడాది: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది నెలవారీ సమావేశాలన్నిటికీ ఒకే అంశం ఉండాలని గత సర్వసభ్య సమావేశంలో అనుకున్నాం. పాతకాలపు చిట్టి ఫర్నిచర్‌ను ఎంచుకున్నాం. జానెడు బీరువా, మూరెడు సొరుగుల బల్ల, అరచేతిలో పట్టే కుర్చీ లాంటివన్నమాట. చూడగానే పిల్లల ఆటవస్తువులే అనిపిస్తుంది. కానీ వీటిలో చాలావాటికి పిల్లలతో సంబంధమే లేదని ఏడాది పొడవునా చదివి, చూసి, వాదించుకున్నాక అర్థమైంది.

మొదటి సమావేశాల్లో బయటి దేశాల సంగతులు చెప్పుకున్నాం. చైనాలో మింగ్ వంశపు రాజుల కాలం నాటి సమాధుల్లో మంచాలు, కుర్చీలు, బల్లలు చిన్నగా చేసి పెట్టేవారు. పోయినవారికి అక్కడ కూడా ఇల్లు ఉండాలి కదా! ఆమ్‌స్టర్‌డామ్‌లో పెట్రొనెల్లా ఊర్ట్‌మన్ అనే సంపన్నురాలు 1686 నుంచి 1710 వరకు ఒక బొమ్మరిల్లు అమర్చుకున్నారు. ఇప్పుడది రైక్స్ మ్యూజియంలో ఉంది. దానికైన ఖర్చుతో ఆ రోజుల్లో కాలువ ఒడ్డున నిజమైన ఇల్లే వచ్చేదట. అమెరికా పేటెంట్ ఆఫీసు కొత్త వస్తువు కనిపెట్టినవారిని 1880 వరకు దరఖాస్తుతో పాటు దాని నమూనా కూడా అడిగేది. అది అడుగు పొడవు, అడుగు ఎత్తు దాటకూడదు. అందుకే మడత మంచాలు, కుర్చీలు కూడా చిట్టివిగా తయారయ్యాయి. ఇక చిన్న సొరుగుల పెట్టె కనిపిస్తే చాలు, "శిష్యుడు పనితనం చూపించుకోవడానికి చేసింది" అనడం అమ్మేవాళ్లకు అలవాటు. ఫ్రాన్స్‌లో పనివాళ్ల సంఘాల్లో అలాంటి ఆచారం నిజంగానే ఉంది, టూర్ నగరంలో వాటికి మ్యూజియం కూడా ఉంది. మిగతాచోట్ల మాత్రం రుజువు లేకుండా ఆ మాట నమ్మకూడదని మా అభిప్రాయం.

అందరూ ఎక్కువ ఉత్సాహంగా పాల్గొన్నది మన ఊరి గురించిన సమావేశాల్లోనే. 18వ శతాబ్దంలో విశాఖపట్నం దంతపు పనికి సముద్రాల అవతల కూడా పేరుపడింది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఇక్కడ 17వ శతాబ్దంలోనే వర్తకస్థావరం పెట్టింది. దొరలు తమ దేశపు బ్యూరోల (సొరుగులున్న రాతబల్లల) నమూనాలు చూపిస్తే, మనవాళ్లు వాటినే చిన్నవిగా చేసి ఇచ్చారు. మొదట్లో రోజ్‌వుడ్, ఎబొనీ చెక్కల్లో దంతం పొదిగేవారు. తర్వాత చెక్క మీద మొత్తం దంతపు పలకలు పరిచి, సన్నని గీతలతో పూలతీగలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. నగలు, ఉత్తరాలు, కుట్టుసామాను దాచుకోవడానికి ఇవి పనికొచ్చేవి. ఓడలో ఇంటికి తీసుకెళ్లడమూ తేలికే. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న విశాఖ పనితనం ఫొటోలను తెర మీద పెద్దవి చేసి చూపించినప్పుడు, చాలామంది ఇది మన ఊరి పనేనా అని ఆశ్చర్యపోయారు. చేసినవాళ్ల పేర్లు వాటి మీద లేవు. ఆ లోటు నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

ఒక సభ్యురాలు తమ ఇంట్లోని సొరుగుల పెట్టె తెచ్చారు. దంతం లేదు, ఉత్త చెక్కే. తాళం చుట్టూ గీతలు పడి ఉన్నాయి, కింది సొరుగు అంచు వేళ్లు తగిలి తగిలి నున్నబడింది, లోపలి మూలల్లో కుంకుమ మరక. దాన్ని ఎందుకు వాడారో ఆ గుర్తులే చెప్పాయి. పాత వస్తువు ఇంట్లో ఉన్నవాళ్లు దయచేసి పాలిష్ పెట్టించకండి, ఆ గుర్తులన్నీ పోతాయి.

ఏటికొప్పాక కూడా వెళ్లొచ్చాం. అంకుడు కర్రను తిప్పుతూ లక్క రంగు ఎక్కించడం దగ్గర నుంచి చూశాం. లక్కపిడతలు, చిన్న బల్లలు ఈనాటికీ అక్కడ తయారవుతున్నాయి. పిల్లల కోసమే చేసిన చిట్టి సామాను అంటే ఇదీ.

ఒక ముఖ్యమైన మాట. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986, 1991లలో చేసిన సవరణల తర్వాత మన దేశంలో ఏనుగు దంతం అమ్మడం, కొనడం నేరం. వారసత్వంగా వచ్చినవాటికీ అటవీశాఖ నుంచి యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి. సంఘం వేదిక మీద దంతపు వస్తువుల క్రయవిక్రయాల ఊసు రానివ్వకూడదని కార్యవర్గం తీర్మానించింది. కాగితాల విషయంలో టెన్షన్ పడేవారికి దరఖాస్తు నింపడంలో సాయం చేస్తాం.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. వచ్చే ఏడాది సభ్యుల ఇళ్లలోని చిన్న చెక్క సామానును కొలతలు, ఫొటోలతో నమోదు చేయాలని ప్రతిపాదన. ఫొటో తీసేటప్పుడు సొరుగులు బయటికి లాగి, వెనక పక్క, అడుగు భాగం కూడా తీయండి. పేర్లు కార్యదర్శికి ఇస్తే ఇళ్లకు వచ్చే తేదీలు ఖరారు చేస్తాం.