కరెంటు పెట్టించారు, ముద్ద దిగే దారి కూడా చూపించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం. మా అమ్మకు అంగిలి క్యాన్సర్. పెళ్లి కాకముందు నుంచీ ఆవిడకు అడ్డపొగ అలవాటు. చుట్టను తిరగేసి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. మా తీరంలో ఆడవాళ్లకు తరాలుగా ఉన్న ఈ అలవాటు వల్ల అంగిలికి ఈ జబ్బు వస్తోందని విశాఖ డాక్టర్లు దశాబ్దాల కిందటే రాశారు.

ఆపరేషన్ అయింది. తర్వాత సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి చొప్పున 30 కరెంట్లు (రేడియేషన్‌ను మేం కరెంటు అంటాం), వారానికోసారి కీమో సెలైన్. అన్నీ కార్డు మీదే జరిగాయి. పథకం పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, మా ఊళ్లో మాత్రం ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటారు. ఆ కార్డు లేకపోతే మా జీడితోట అమ్మినా చాలేది కాదు. ఆ మేలు మరిచిపోను. కానీ కరెంటు పెట్టాక ఆ నోరు ఏమవుతుందో, ఆ నోటితో మనిషి ఎలా బతకాలో మాకు ఎవరూ చెప్పలేదు.

మొదటి రెండు వారాలు బాగానే గడిచాయి. మూడో వారంలో నోరంతా పూసింది. బుగ్గల లోపల, నాలుక అంచున తెల్లటి పొర, దాని కింద పచ్చిపుండు. ఆపరేషన్‌లో అంగిలి కొంత తీసేశారు కాబట్టి పళ్లసెట్టు లాంటి ప్లేటు ఒకటి ఇచ్చారు. అది తీస్తే తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేవి. పెడితే పుండుకు ఒరుసుకునేది. చారు నీళ్లు తగిలినా కళ్లవెంట నీళ్లు కారేవి. ఉమ్మి జిగురులా సాగి మింగుడుపడక, రాత్రంతా కూర్చుని గుడ్డతో తుడుచుకునేది. మెడ మీద చర్మం నల్లబడి ఊడింది. 52 కిలోల మనిషి 43కి దిగిపోయింది.

లీటరు నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా తినేసోడా కలిపి రోజుకు ఆరేడుసార్లు పుక్కిలిస్తే కొంత ఊరట ఉంటుందని చెప్పింది పక్క మంచం ఆవిడ. ఆ ముక్క మొదటిరోజే ఒక కాగితం మీద తెలుగులో రాసి ఎందుకివ్వలేదు? చదువు రానివాళ్లకు ఒక నర్సమ్మ కూర్చోబెట్టి ఎందుకు చెప్పలేదు?

నాలుగో వారంలో డాక్టరు, తిండి పోయడానికి ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేద్దామన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. గొట్టం వేశారంటే ఇక ఆశ లేనట్టేనని మావైపు అందరి నమ్మకం. మాట రాక, కిటికీలోంచి బస్టాండు వైపు చెయ్యి చూపించింది, ఇంటికి పోదామని. పోయాం. నాలుగు కరెంట్లు తప్పాయి. మధ్యలో ఆగితే మిగిలిన జబ్బు మళ్లీ పుంజుకుంటుందని, ఒక్క రోజు కూడా పోగొట్టుకోకూడదని తిరిగి వెళ్లాకే తెలిసింది. అప్పుడు గొట్టం వేయించుకుంది. చోడి (రాగి) జావ, పాలు, గుడ్డు తెల్లసొన గుడ్డలో వడకట్టి రెండు గంటలకోసారి సిరంజితో పోశాను. పది రోజుల్లో లేచి నిలబడింది. ఈ గొట్టం కొన్నాళ్లకేనని, తీసేస్తారని ముందే చెప్పి ఉంటే ఆ నాలుగు రోజులు పోయేవి కావు.

నొప్పి సంగతి ఇంకా ఘోరం. మార్ఫిన్ మాత్ర వేసిన రాత్రి అమ్మ నిద్రపోయింది. అయిపోయాక మా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్తే, అది ఇక్కడ ఉండదన్నారు. 2014లో కేంద్రం మత్తుమందుల చట్టం సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులు ఒక్క అనుమతితో మార్ఫిన్ ఉంచుకునే వీలు కల్పించింది. ఖరీదైన మందూ కాదు. ఆ మాత్రల కోసం వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం బస్సులో వెళ్లొచ్చాను.

మంత్రి గారూ, మా జిల్లా సంగతి ఇంకొకటి. మా ఉద్దానం కిడ్నీ జబ్బుల గడ్డ. నోటి క్యాన్సర్‌కు ఎక్కువగా ఎక్కించే సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కిడ్నీల మీద దెబ్బ కొడుతుంది. అమ్మకు రెండో సెలైన్ తర్వాత, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో పెరిగి మందు మార్చారు. పెద్దాసుపత్రిలో గమనించారు కాబట్టి సరిపోయింది. ఈ మందు ఎక్కించుకున్నవాళ్లు ఇళ్లకు వచ్చాక ప్రతి వారం రక్తపరీక్ష ఊరి దగ్గరే, ఉచితంగా జరగాలి. పలాసలో కిడ్నీ ఆసుపత్రి కట్టారు కదా, ఆ పరీక్షలు అక్కడ చేయించండి.

కరెంటు మొదలయ్యే ముందే ప్రతి రోగికీ పళ్లు చూపించాలి, ఎందుకంటే తర్వాత పన్ను పీకితే దవడ ఎముక మానకపోవచ్చు. తూకం వారంవారం రాయాలి. తిండి గురించి చెప్పే మనిషి వార్డులో ఉండాలి. తోడు వచ్చినవాళ్లకు ఆ ఆరు వారాలూ ఉండటానికి చోటు, రోజుకు ఇంత అని తిండి ఖర్చు పథకంలోనే చేర్చాలి. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో ప్రతి ఏరియా ఆసుపత్రిలోనూ మార్ఫిన్ దొరకాలి. ఇందులో కొత్త యంత్రం కొనాల్సిన పని ఒక్కటీ లేదు.

అమ్మకు గొట్టం తీసేశారు. దవడ బిగుసుకుపోకుండా ఐస్‌క్రీం పుల్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టుకుని రోజూ నోరు తెరుస్తోంది. మొదట ఏడు పట్టేవి, నిన్న పదకొండు పట్టాయి. నీళ్ల సీసా పక్కన లేనిదే ముద్ద దిగదు. మజ్జిగన్నం మాత్రం తింటోంది.

ఆ వార్డులో మాతో ఉన్న తొమ్మిది కుటుంబాల ఫోన్ నంబర్లు నా దగ్గర ఉన్నాయి. మీ ఉత్తర్వు వచ్చిన రోజు ఏ ఆసుపత్రిలో ఏం దొరుకుతుందో అందరికీ నేనే ఫోన్ చేసి చెబుతాను.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక కూతురు